ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్, టాప్‌స్పిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీలో మ్యాచులు చూసేవాళ్లూ, పొద్దున్నే కోర్టుకెళ్లి ఆడేవాళ్లూ టెన్నిస్‌లో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ గురించి అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాం. కుడిచేతివాటం వాళ్లు తమ కుడివైపు బంతిని కొడితే ఫోర్‌హ్యాండ్, ఎడమవైపు బంతిని కొడితే బ్యాక్‌హ్యాండ్. బంతిని ముందుకు తిరిగేలా కొడితే టాప్‌స్పిన్, కిందికి కోసినట్టు వెనక్కి తిరిగేలా కొడితే స్లైస్. షాట్ కొట్టే పద్ధతి చెప్పిన ప్రతిచోటా కుడిచేతివాటం ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకున్నాం. ఎడమచేతివాటం వాళ్లు కుడిఎడమలు మార్చి చదువుకోవాలి.

ఒంటిచేతి టాప్‌స్పిన్ బ్యాక్‌హ్యాండ్ పాతకాలపు షాటేనా?

ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ పాతదే. టాప్‌స్పిన్ మాత్రం దానికి చాలా ఆలస్యంగా తోడైంది. రెంటినీ ఒకటిగా చూడటం వల్లే "పాతకాలం వాళ్లంతా ఫెదరర్‌లా కొట్టేవాళ్లు" అనే అపోహ పుట్టింది.

1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు, అంటే వింబుల్డన్, యూఎస్, ఆస్ట్రేలియన్ టోర్నీలు పచ్చిక మీదే జరిగేవి. పచ్చిక మీద బంతి పెద్దగా లేవదు, జారుకుంటూ వస్తుంది. పైగా ఒక్కోసారి ఒక్కోలా లేస్తుంది. మోకాలి ఎత్తులో దూసుకొచ్చే బంతి కిందికి రాకెట్ దించి పైకి లాగేంత తీరిక దొరకదు. స్లైస్ చేసి, ఆ బంతి వెనకే నెట్ దగ్గరికి వెళ్లిపోవడమే లాభసాటి. సర్వీసుకీ, వాలీకీ (బంతి నేల తాకకముందే కొట్టే షాట్) వాడే కాంటినెంటల్ గ్రిప్, అంటే రాకెట్ పట్టు, ఈ స్లైస్‌కీ సరిపోతుంది, గ్రిప్ మార్చే పని ఉండదు. ఆ గ్రిప్‌తో గట్టి టాప్‌స్పిన్ కొట్టాలంటే మణికట్టు మీద భారం పడుతుంది. కాబట్టి ఎక్కువమంది ఆ జోలికి వెళ్లలేదు.

అయితే డాన్ బడ్జ్ బ్యాక్‌హ్యాండ్‌ను అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

1938లో ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన మొదటి ఆటగాడు అమెరికాకు చెందిన బడ్జ్. అప్పటిదాకా చాలామందికి బ్యాక్‌హ్యాండ్ అంటే బంతిని కాపాడుకునే షాట్. ఆయన దానితోనే పాయింట్లు గెలిచాడు. చిన్నప్పుడు బేస్‌బాల్‌లో ఎడమవైపు నుంచి బ్యాటింగ్ చేసేవాడు, ఆ ఊపే టెన్నిస్‌లోకి వచ్చిందంటారు. ఆయన కొట్టింది దాదాపు ఫ్లాట్ డ్రైవ్ (స్పిన్ లేని నేరు షాట్), కొద్దిగా టాప్‌స్పిన్ కలిసినది. ఇప్పుడు మనం చూస్తున్న గిర్రున తిరిగే బంతికీ దానికీ పోలిక తక్కువ.

చెక్క రాకెట్ల రోజుల్లో టాప్‌స్పిన్ బ్యాక్‌హ్యాండ్ కొట్టినవాళ్లే లేరా?

రాడ్ లేవర్ ఉన్నాడు. ఎడమచేతివాటం ఆస్ట్రేలియన్. 1962లో ఒకసారి, 1969లో ఇంకోసారి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచాడు. పెద్ద ఎత్తేమీ కాదు. ఆయన ఎడమ ముంజేయి కుడిదానికన్నా స్పష్టంగా లావుగా ఉండేది. కుర్రతనంలో కోచ్ చార్లీ హోలిస్ ఆయన చేత పట్టుబట్టి టాప్‌స్పిన్ సాధన చేయించాడు. పరిగెత్తుతూ మణికట్టు విదిలించి బంతిని క్రాస్‌కోర్టులో (ఐమూలగా) నెట్ దాటగానే దించేసేవాడు. నెట్ దగ్గర కాచుకున్నవాడి కాళ్ల దగ్గర పడే ఆ బంతికి అప్పట్లో జవాబు కష్టమే.

కానీ అంత చిన్న రాకెట్‌తో అలా కొట్టాలంటే ఆ ముంజేయి ఉండాలి. అందుకే లేవర్‌ను అందరూ మెచ్చుకున్నా, వెంటనే అదే బాట పట్టినవాళ్లు తక్కువ.

చెక్క రాకెట్‌తో టాప్‌స్పిన్ ఎందుకంత కష్టం?

తల చిన్నది కావడం వల్ల. మామూలు చెక్క రాకెట్ తల 65 నుంచి 70 చదరపు అంగుళాలు ఉండేది. ఇప్పుడు ఎక్కువమంది 95 నుంచి 100 మధ్య వాడతారు. టాప్‌స్పిన్ కోసం రాకెట్‌ను బంతి వెనక కిందనుంచి పైకి ఈడుస్తాం. అంటే తీగలు బంతిని దాటుకుంటూ పోతాయి. తల చిన్నదైతే క్షణం అటూ ఇటూ అయినా బంతి ఫ్రేముకి తగులుతుంది. బరువు కూడా ఎక్కువ, దాదాపు 13, 14 ఔన్సులు. ఫ్లాట్‌గా నెట్టే షాట్‌కి ఆ బరువు సాయం చేస్తుంది. పైకి వేగంగా విసరాలంటే మాత్రం చేతికి చుక్కలు కనిపిస్తాయి.

1976లో హోవార్డ్ హెడ్ రూపొందించిన 110 చదరపు అంగుళాల ప్రిన్స్ రాకెట్ వచ్చినప్పుడు నవ్వినవాళ్లు ఉన్నారు. పదేళ్లు తిరక్కుండానే పెద్ద పోటీల్లో చెక్క దాదాపు మాయమైంది.

రోజ్‌వాల్ స్లైస్ సంగతి?

కెన్ రోజ్‌వాల్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పుట్టుకతో ఎడమచేతివాటం, తండ్రి కుడిచేత్తో ఆడటం నేర్పాడు. ఆయన స్లైస్ బంతిని గాల్లో తేలనిచ్చేది కాదు. భుజం ఎత్తు నుంచి కిందికి, ముందుకు పదునుగా దించేవాడు. బంతి లోతుగా పడి లేవకుండా జారేది. రిటర్న్, పాసింగ్ షాట్ (నెట్ దగ్గరున్నవాడి పక్కనుంచి కొట్టేది), లాబ్ (అతని తలమీదుగా ఎత్తేది) అన్నీ దాంతోనే. 1953లో మొదటి గ్రాండ్‌స్లామ్ గెలిచినవాడు 1972లో 37 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడంటే అందులో సగం పుణ్యం ఆ షాట్‌దే అని నా లెక్క.

1974లో 39 ఏళ్ల రోజ్‌వాల్ వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండు ఫైనల్స్‌కీ వచ్చాడు. రెండుసార్లూ ఎదురు నిలిచింది జిమ్మీ కానర్స్, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఆటగాడు. న్యూయార్క్‌లో స్కోరు 6-1, 6-0, 6-1. వయసు తేడా ఉంది, నిజమే. అయినా స్లైస్‌ను రెండు చేతులతో వంగి ఎత్తి, అంతే వేగంగా తిప్పికొట్టే తరం వచ్చేసిందని అందరికీ తెలిసిపోయింది. అదే ఏడాది వింబుల్డన్ మహిళల టైటిల్ క్రిస్ ఎవర్ట్‌ది. ఆమెదీ రెండు చేతుల బ్యాక్‌హ్యాండే.

ఒంటిచేతికి టాప్‌స్పిన్ బాగా అలవాటు చేసింది ఎవరు?

అర్జెంటీనా ఆటగాడు గిల్లెర్మో విలాస్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయనదీ ఎడమచేయే. 1977లో ఫ్రెంచ్ ఓపెన్, యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ రోజుల్లో యూఎస్ ఓపెన్ ఫారెస్ట్ హిల్స్‌లో క్లే (మట్టి కోర్టు) మీద జరిగేది. నెట్‌కి ఎంతో ఎత్తుగా వెళ్లి, బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) లోపల పడి, భుజాల దాకా లేచే బంతులను గంటల తరబడి కొట్టేవాడు. ఆ తర్వాత ఇవాన్ లెండిల్ అదే షాట్‌ను గ్రాఫైట్ రాకెట్‌తో, మరింత వేగంగా, హార్డ్ కోర్టుల మీదికి తెచ్చాడు.

విలాస్ కథలో ఒక తమాషా ఉంది. 1977లోనే 'స్పఘెట్టి రాకెట్' అనే వింత గట్టింగ్ (రాకెట్‌కి తీగలు బిగించే పద్ధతి) వచ్చింది. నిలువు తీగలు రెండు వరుసలుగా ఉండి, అడ్డు తీగలతో అల్లుకోకుండా, ప్లాస్టిక్ గొట్టాల సాయంతో అటూ ఇటూ జారేవి. బంతికి విపరీతమైన స్పిన్ వచ్చేది. ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఫైనల్లో ఇలియే నస్తాసే ఆ రాకెట్‌తో ఆడితే రెండు సెట్లు పోగొట్టుకున్న విలాస్ విసిగి మధ్యలోనే మానేశాడు. క్లే మీద 50కి పైగా మ్యాచుల విజయ పరంపర అలా ముగిసింది. కొద్దిరోజులకే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య దాన్ని నిషేధించింది. తీగలు జారితే స్పిన్ పెరుగుతుందన్న సంగతి మాత్రం అప్పుడే బయటపడింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పని పాలియెస్టర్ తీగ నిబంధనల లోపలే చేసి పెట్టింది.

పాలియెస్టర్ తీగ అంత మార్చిందా?

1997లో ప్రపంచ ర్యాంకు 66లో ఉన్న బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టెన్ లక్సిలాన్ కంపెనీ పాలియెస్టర్ తీగలతో ఫ్రెంచ్ ఓపెన్‌కి వచ్చాడు. దారిలో ముగ్గురు పాత చాంపియన్లను, ముస్టర్, కఫెల్నికోవ్, బ్రుగేరాలను ఓడించి టైటిల్ పట్టుకుపోయాడు. 2000, 2001లో మళ్లీ గెలిచాడు. ఒంటిచేత్తో, పొడవాటి ఊపుతో, ఏ మూల నుంచైనా బంతిని కోర్టులోకి వంచే ఆ బ్యాక్‌హ్యాండ్ చూశాక లాకర్ రూముల్లో గట్టింగ్ మారిపోయింది.

జరిగేది ఇదీ. పాలియెస్టర్ నున్నగా, బిర్రుగా ఉంటుంది. బంతి తగిలినప్పుడు నిలువు తీగలు పక్కకు జారి, బంతి వదిలేలోపే తమ చోటికి వచ్చేస్తాయి. ఆ తిరుగు విసురుకి బంతి ఇంకా తిరుగుతుంది. అదొక లాభం. ఇంకో లాభం, ఈ తీగ బంతిని తక్కువ వేగంతో విసురుతుంది కాబట్టి ఆటగాడు బంతి బయటికి పోతుందన్న భయం లేకుండా బలమంతా పెట్టి ఊపగలడు. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు.

పైభాగం ముందుకు తిరుగుతూ వెళ్లే బంతిని గాలి కిందికి వంచుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. అందుకే నెట్‌కి మీటరు పైనుంచి వెళ్లిన బంతి కూడా లోపలే పడుతుంది.

ఎడ్‌బర్గ్, సంప్రాస్ మొదట రెండు చేతులతో ఆడేవాళ్లట, నిజమేనా?

నిజమే. స్టెఫాన్ ఎడ్‌బర్గ్ జూనియర్‌గా ఉండగా కోచ్ పెర్సీ రోస్‌బర్గ్ సలహాతో మారాడు. సంప్రాస్ 14 ఏళ్లప్పుడు పీట్ ఫిషర్ మాట విని మారాడు. ఇద్దరికీ వింబుల్డన్, నెట్ ఆట లక్ష్యం. ఒంటిచేతికి మారితే వాలీ, స్లైస్, నెట్ దగ్గరికి వెళ్తూ కొట్టే షాట్ ఒకే ధోరణిలో వస్తాయి. సంప్రాస్ ఏడు వింబుల్డన్‌లు గెలిచాడు గానీ ఆయన బ్యాక్‌హ్యాండ్ ఎప్పుడూ కాస్త నీరసమే. ఫ్రెంచ్ ఓపెన్‌లో ఫైనల్ ముఖం కూడా చూడలేదు.

డొమినిక్ థీమ్ కూడా చిన్నప్పుడు కోచ్ గుంటర్ బ్రెస్నిక్ దగ్గర ఇలాగే మారాడు. ఆ కథ వేరు. అతను నెట్ కోసం మారలేదు, బేస్‌లైన్ వెనక నుంచి బాదడానికే మారాడు.

షాట్ కొట్టే పద్ధతి ఏమిటి?

ఎడమచేతితో మొదలుపెట్టండి. రాకెట్ మెడను పట్టుకుని వెనక్కి తీసుకెళ్లేది ఆ చెయ్యే, కుడిచేతిలో గ్రిప్ మారుతున్నప్పుడు రాకెట్‌ను ఆపేదీ అదే. రాకెట్ ఒక్కటే వెనక్కి పోతే చాలదు, భుజాలు తిరగాలి. సరిగా తిరిగితే అవతలివాడికి మీ కుడి భుజం వెనకభాగం కనిపిస్తుంది.

తర్వాత కుడికాలు బంతివైపు వేసి, మోకాళ్లు వంచి, రాకెట్ తలను బంతి ఎత్తుకన్నా కిందికి వదలాలి. అక్కడినుంచి ముందుకూ పైకీ ఒకేసారి. రాకెట్ ముఖం బంతిని తాకేటప్పుడు దాదాపు నిటారుగా ఉండాలి. స్పిన్ వచ్చేది రాకెట్ కిందనుంచి పైకి పోయే దారివల్ల. ముఖాన్ని బంతి మీదికి మూసేస్తే వస్తుందనుకుని మణికట్టు తిప్పేవాళ్ల బంతులు నెట్‌లోకి పోతాయి.

అసలు కీలకం బంతిని తాకే చోటు. ముందుకాలికన్నా ముందు, చెయ్యి చాపి. రెండు చేతుల ఆటలో బంతి కాస్త ఆలస్యంగా తగిలినా వెనకచెయ్యి నెట్టి సర్దేస్తుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు, ఆలస్యమైతే మణికట్టు ఒక్కటే బంతిని మోయాలి. అందుకే ఒంటిచేతి ఆటగాళ్లకు కాళ్లు ముఖ్యం. పెద్ద పోటీల్లో ఆ షాట్ తప్పినప్పుడు స్లో మోషన్ చూడండి, పదిలో ఎనిమిదిసార్లు తప్పు కాళ్లదే ఉంటుంది.

తాకే క్షణంలో ఎడమచెయ్యి వెనక్కి విసరాలి. అది అందం కోసం అనుకుంటారు. ఆ చెయ్యి వెనక్కి పోకపోతే నడుము ముందే తిరిగిపోయి బంతి పక్కకు లాగేస్తుంది.

ఏ గ్రిప్ మంచిది?

ఈస్టర్న్ బ్యాక్‌హ్యాండ్‌తో మొదలుపెట్టండి. రాకెట్ పిడికి ఎనిమిది పలకలుంటాయి. చూపుడువేలి మొదటి కణుపు పైపలక మీద ఉంటే అది ఈస్టర్న్. ఇంకా తిప్పి పట్టుకుంటే ఎత్తు బంతులు సులువవుతాయి, తక్కువ ఎత్తువి కష్టమవుతాయి. ఫ్రాన్స్ ఆటగాడు రిషార్ గాస్కే గ్రిప్ అలాంటిదే. చూడటానికి అతనిది మహా సొగసైన షాట్, కాకపోతే దాన్ని పూర్తిగా ఊపడానికి చాలా వెనక నిలబడాల్సి వచ్చేది.

నడాల్ ముందు ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్ ఎందుకు తేలిపోయింది?

నడాల్ ఎడమచేతి ఫోర్‌హ్యాండ్ క్రాస్‌కోర్టు నేరుగా ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్‌కి వస్తుంది. టెన్నిస్ పరిశోధకుడు జాన్ యాండెల్ హైస్పీడ్ కెమెరాతో లెక్కగడితే నడాల్ ఫోర్‌హ్యాండ్ సగటున నిమిషానికి 3,200 చుట్లు తిరిగిందని తేలింది. సంప్రాస్, అగస్సీలది 1,900 లోపే. క్లే మీద ఆ బంతి భుజం దాటి లేస్తుంది. ఆ ఎత్తులో ఒంటిచేత్తో బలం పెట్టడానికి భుజం వెనకుండే చిన్న కండరాలే దిక్కు. రాకెట్ ముఖం కూడా తెలియకుండానే తెరుచుకుంటుంది. రెండు చేతులుంటే ఎడమచెయ్యి ఆ బంతిని అణిచి కొడుతుంది. 2006, 2007, 2008, 2011 ఫ్రెంచ్ ఫైనల్స్ నాలుగూ నడాల్‌వే. 2008లో స్కోరు 6-1, 6-3, 6-0.

నా ఉద్దేశంలో ఈ షాట్ చరిత్రంతా ఇక్కడే తేలిపోతుంది. పెద్ద తల, పాలియెస్టర్ తీగ కుయెర్టెన్ చేతిలో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌ను ఆయుధం చేశాయి. అవే నడాల్ చేతిలో దాన్ని భుజం మీదికి నెట్టాయి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ వచ్చి ఒంటిచేతిని ఓడించిందని అందరూ అంటారు గానీ, ఎక్కువ దెబ్బ తీసింది అవతలివాళ్ల ఫోర్‌హ్యాండే.

మరి 2017లో ఏం మారింది?

ఫెదరర్ 2014లోనే 90 చదరపు అంగుళాల రాకెట్ వదిలి 97కి వచ్చాడు. 2016 నుంచి కోచ్ ఇవాన్ ల్యూబిచిచ్, ఆయనా ఒంటిచేతి ఆటగాడే. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బేస్‌లైన్‌ను వదలకుండా, బంతి భుజం దాకా లేవకముందే, లేస్తుండగానే కొట్టాడు. టాప్‌స్పిన్ తగ్గించి ఫ్లాట్‌గా. స్లైస్ చాలా తక్కువ. ఐదో సెట్లో 1-3తో వెనకబడి వరుసగా ఐదు గేములు గెలిచాడు. ఇంకా స్పిన్ పెంచి నడాల్‌తో పోటీ పడి ఉంటే ఆ రోజు కూడా ఓడిపోయేవాడే.

వావ్రింకాకు ఆ బాధ ఎందుకు లేదు?

లేకపోలేదు. కానీ భుజం, ఛాతీ బలం వేరు. వెనక నిలబడి, బంతి దిగేదాకా ఆగి, మొత్తం ఒంటి బరువుతో కొట్టేవాడు. 2015 ఫ్రెంచ్ ఫైనల్లో జొకోవిచ్ మీద మ్యాచ్ పాయింట్ కూడా లైను వెంట బ్యాక్‌హ్యాండ్ విన్నరే. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్లలో అన్నిటికన్నా బలమైనది ఎవరిదంటే నా ఓటు ఇతనికే.

మహిళల్లో ఒంటిచేతి వాళ్లు?

స్టెఫీ గ్రాఫ్ ఎక్కువగా స్లైస్‌తోనే 22 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. గాబ్రియేలా సబాటినిది టాప్‌స్పిన్, 1990 యూఎస్ ఓపెన్ ఆమెదే. అన్నిటికన్నా ఆశ్చర్యం జస్టిన్ ఎనా. దాదాపు 167 సెంటీమీటర్ల ఎత్తుతో ఏడు గ్రాండ్‌స్లామ్‌లు, అందులో నాలుగు ఫ్రెంచ్ ఓపెన్‌లు. భుజాలు అంత పూర్తిగా తిప్పి కొట్టేవాళ్లు మగవాళ్లలోనూ తక్కువ. 2010లో ఫ్రాన్సెస్కా స్కియావోనే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ఒంటిచేతి మహిళ ఎవరూ సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలవలేదు. ఆష్ బార్టీ రెండు చేతులతో ఆడుతూనే ఒంటిచేతి స్లైస్‌ను పాత పద్ధతిలో వాడి మూడు గెలిచింది.

మన దేశంలో?

రామనాథన్ కృష్ణన్, విజయ్ అమృత్‌రాజ్, రమేశ్ కృష్ణన్, లియాండర్ పేస్ అందరూ ఒంటిచేతివాళ్లే, ఎక్కువగా పచ్చిక ఆట. 43 ఏళ్ల వయసులో 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచిన రోహన్ బోపన్నదీ ఒంటిచెయ్యే. మన హైదరాబాద్ సానియా మీర్జాది రెండు చేతులు, అయితే ఆమె అసలు బలం ఫోర్‌హ్యాండ్.

మా పిల్లాడికి ఎనిమిదేళ్లు. ఏది నేర్పించాలి?

రెండు చేతులు. ఆ వయసులో బంతి దాదాపు ఎప్పుడూ భుజం పైనే ఉంటుంది, ఒంటిచేత్తో కొట్టేంత బలం ఉండదు. ఒంటిచేతి స్లైస్ మాత్రం పక్కన నేర్పించండి. పన్నెండు, పద్నాలుగేళ్లకు తనకే ఇష్టం పుడితే మారవచ్చు. ఫెదరర్ పోస్టరు చూసి తండ్రి నిర్ణయించేది కాదు ఇది.

మోచెయ్యి నొప్పి దీనివల్లేనా?

చాలాసార్లు అవును, షాట్ తప్పుగా కొడితే. బంతి ఆలస్యంగా తగలడం, మోచెయ్యి ముందు పెట్టి మణికట్టు వంచి నెట్టడం. ఈ రెండూ ముంజేయి పైవైపు కండరాలను లాగేస్తాయి. పెద్ద ఆటగాళ్లు వాడుతున్నారని పాలియెస్టర్ గట్టింగ్ వేయించుకోకండి. అంత వేగంగా ఊపలేనప్పుడు మీకు స్పిన్ రాదు, అదురు మాత్రం మోచేతికి చేరుతుంది. పైగా అది త్వరగా బిగువు కోల్పోతుంది. మెత్తటి మల్టీఫిలమెంట్ తీగ (సన్నటి పోగులు కలిపి చేసినది) వేయించి, టెన్షన్ రెండు మూడు పౌండ్లు తగ్గించండి. నొప్పి వారాల తరబడి తగ్గకపోతే డాక్టరును కలవండి.

ఈ షాట్ అంతరించిపోతోందా?

1973లో ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకింగ్స్ మొదలయ్యాక టాప్ 10లో ఒంటిచేతి ఆటగాడు ఒక్కరూ లేని వారం మొదటిసారి 2024 ఫిబ్రవరిలో వచ్చింది. సిట్సిపాస్ కిందికి జారడంతో అలా జరిగింది. ఏప్రిల్ కల్లా దిమిత్రోవ్ మళ్లీ లోపలికి వచ్చాడు. తర్వాత లొరెంజో ముసెట్టి. 2024 వింబుల్డన్ సెమీస్, ప్యారిస్ ఒలింపిక్స్ కాంస్యం, 2025 ఫ్రెంచ్ సెమీస్, టాప్ 10 చోటు. పురుషుల్లో ఒంటిచేత్తో గ్రాండ్‌స్లామ్ గెలిచిన చివరివాడు మాత్రం ఇంకా 2020 యూఎస్ ఓపెన్ గెలిచిన థీమే. తగ్గిపోతుంది, పూర్తిగా పోదు అని నా అంచనా. వేగంగా వచ్చే సర్వీసును ఒంటిచేత్తో తిప్పికొట్టడంలో ఉన్న ఇబ్బంది తీరేది కాదు మరి.

వీడియోల్లో ఏ మ్యాచులు చూస్తే తరాల తేడా తెలుస్తుంది?

1974 వింబుల్డన్ ఫైనల్ రోజ్‌వాల్ కోసం, 1997 ఫ్రెంచ్ ఫైనల్ కుయెర్టెన్ కోసం. తర్వాత 2008 ఫ్రెంచ్, 2017 ఆస్ట్రేలియన్ ఫైనల్స్ వెంటవెంటనే. ఆ రెండింటిలో బంతిని వదిలేసి ఫెదరర్ పాదాలు బేస్‌లైన్‌కి ఎంత దూరంలో ఉన్నాయో చూడండి.